మా అమ్మమ్మ వంశావళి

మా యింట సాయంకాలపు కుటుంబ ప్రార్థనలో మత్తయి సువార్త మొదటి అధ్యాయము వచ్చిన దినమున పిల్లలమైన మాకు ప్రాణము విసిగెడిది. కనెను, కనెను అని ఎంతసేపు చదువుట! మా పెద్దమ్మ కుమారుడు, నాకు అన్న, ఒకసారి రెండు పుటలు కలిపి త్రిప్పి నేరుగా యేసు జననమునకు దాటిపోయెను. అమ్మమ్మకు చూపు మందగించెను గాని చెవి మందగించలేదు. "వెనక్కి తిప్పు నాయనా. వాళ్లంతా బతికిపోయారు, నీకు చదవడానికే కష్టమా?" అన్నది. అన్న మరల మొదటినుండి చదివెను. సొలొమోను పుట్టుక చెప్పిన చోట, ఊరియా భార్య అను మాట రాగానే, అమ్మమ్మ చేయెత్తి ఆపి, కొంచెముసేపు ఊరకుండి, "ఊఁ, కానియ్యి" అన్నది. ప్రతి సంవత్సరము అచ్చటనే ఆపెడిది. ఎందుకు ఆపుచున్నదో మేము అడుగలేదు. పెద్దవారిని అట్టివి అడుగు అలవాటు మా యింట లేదు.

అమ్మమ్మ 1895లో ఇల్లెందులో పుట్టినది. ఆమె తండ్రి ఐర్లండు దేశస్థుడు. ఈ సంగతి మా బంధువర్గములో పండుగకు బయటికి తీసెడి వెండి పళ్లెమువలె ప్రతి పెండ్లికిని, ప్రతి విందుకును బయటికి వచ్చెడిది. అమ్మమ్మవి పిల్లికండ్లు. మా పెద్దమ్మ జుట్టు రాగివన్నె. ఎవరింట తెల్లని బిడ్డ పుట్టినను "దొర పోలిక" అనుట. నల్లగా పుట్టినవారికి ఎవరి పోలిక వచ్చెనని మాత్రము ఎవరును అడుగలేదు. నేను నల్లనివాడను.

బంధువులలో కొందరు ఇంకొక మెట్టు ఎక్కి, ఆయన కింగు దొరకు చుట్టమని చెప్పెడివారు. కింగు దొర యెవరో మా గని ప్రాంతపువారికి చెప్పనక్కరలేదు. ఇతర చదువరులకొరకు చెప్పుచున్నాను. భారత భూగర్భ పరిశోధక శాఖలో పనిచేసిన డాక్టరు విలియం కింగు 1871లో ఇల్లెందు సమీపమున బొగ్గు కనుగొనెను. సింగరేణి గనులలో ఒక బొగ్గు పొరకు నేటికిని కింగు సీము అనియే పేరు. ఆయన తండ్రి ఐర్లండులోని గాల్వే నగరపు కళాశాలలో భూగర్భశాస్త్రపు ఆచార్యుడు. జర్మనీలో దొరికిన పురాతన మానవుని ఎముకలకు నియాండర్తాల్ అను శాస్త్రనామము పెట్టినవాడు. అట్టి వంశముతో చుట్టరికము కలుపుకొనుట ఎవరికి చేదు? కాని మా ముత్తాత యింటిపేరు వేరు, జిల్లా వేరు, చదువు వేరు. అంతేకాదు, ఆ ఆచార్యుడు తాను ఇంగ్లండులోని సండర్లాండులో పుట్టి గాల్వేకు వలసవచ్చినవాడు. మావారు ఇరువురి విషయములోను తప్పిరి.

అమ్మమ్మ చెప్పినంతవరకు నిజమిది. ఆమె తండ్రి సికింద్రాబాదు దండులో సిపాయిగా ఉండి, విడుదల పొంది, గనులలో పనికి వచ్చెను. ఇల్లెందులో 1889లో బొగ్గు తీయుట మొదలైనది. డోర్నకలునుండి రైలుకొమ్మ వేసిరి. పని తెలిసినవారు, తెలియనివారు నాలుగు దిక్కులనుండి ఆ అడవికి చేరిరి. ఆమెకు ఆరవ యేట, అనగా 1901లో, ఆయన సికింద్రాబాదు పోయివత్తునని రైలెక్కి మరి రాలేదు. చనిపోయెనో, వేరొకచోట కాపురము పెట్టెనో ఆమెకు తెలియదు. ఆమెను ఒక మిషను వసతి బడిలో చేర్చిరి. అచ్చట చదువుకొని, 1913లో ఒక ఉపదేశిని పెండ్లాడి, పల్లె పల్లె తిరిగి, ఏడుగురు బిడ్డలను కని, 1974లో ప్రభువునందు నిద్రించినది. తల్లిని గూర్చి యేమియు చెప్పలేదు. బడిలోని మొదటి సంవత్సరములను గూర్చి ఒక్క సంగతి మాత్రము చెప్పెడిది. ఎండకాలములో ఒక కోయ స్త్రీ ఏటి అవతలినుండి నడిచివచ్చి, బడి కంచె దగ్గర నిలుచుండి, మోదుగాకు దొప్పలో తునికిపండ్లు ఇచ్చి పోయెడిదట. "ఎవరికిచ్చేది అమ్మమ్మా?" అంటిమి. "పిల్లలకి" అన్నది. మూడు నాలుగు ఎండకాలములు వచ్చి, తరువాత రాలేదట.

ఆమె పోయిన దినములు నాకు బాగుగా జ్ఞాపకమున్నవి. నాకప్పుడు ఇరువది నాలుగేండ్లు. శ్రావణపు వానలు. కిన్నెరసాని పొంగి బాటలు తెగియుండెను. రెండు దినములు తెలివి తప్పుచు, వచ్చుచు, "ఏరు… ఏరు" అనుచుండెను. మా మామయ్య ఆమె చెవిదగ్గర వంగి, "ఏరు తగ్గిందమ్మా, రేపు దాటొచ్చు, అందరూ వస్తారు" అని ఓదార్చెను. యొర్దాను నది దాటుటను తలంచుచున్నదని అయ్యగారు చెప్పగా మేమందరము కన్నీరు విడిచితిమి. సమాధి కూటములో ఆయన దానినే వాక్యముగా తీసికొని చక్కగా ప్రసంగించెను.

నేను బడిపంతులు ఉద్యోగము చాలించిన కొన్నాళ్లకు అమ్మమ్మ రేకుపెట్టె నా వంతునకు వచ్చినది. అందులో అట్టలు ఊడిన చిన్న ప్రార్థన పుస్తకము, ఒక ఇత్తడి గుండీ, నాలుగు మడతలు పెట్టిన బాప్తిస్మపు నకలు ఉండెను. పుస్తకము రోమను సంఘమువారిది. లోపలి పుటలో ఆయన పేరు, దాని క్రింద మేయో అని జిల్లా పేరు.

నా కుమార్తె కొడుకు డబ్లిను నగరములో ఉద్యోగము చేయుచున్నాడు. నూట ముప్పది యేండ్ల క్రిందట వారి దేశపువాడొకడు పొట్ట చేతపట్టుకొని మా అడవికి వచ్చెను. ఇప్పుడు మా అడవివాడు పొట్ట చేతపట్టుకొని వారి నగరమునకు పోయెను. సరే, వెదకుమంటిని. వానికిని ఉత్సాహమే.

మొదట వాడు తెలిపినది ఇంటిపేరు సంగతి. మనలో చాల ఇంటిపేర్లు ఊళ్లనుబట్టి వచ్చినవి. ఐర్లండువారి పేరు ముందు ఓ అను అక్షరముండిన యెడల, వారి భాషలో దానికి మనుమడు అని అర్థమట. మాక్ అనిన కుమారుడు. మా ముత్తాత పేరు ముందు ఆ ఓ ఉన్నది. ఫలానివాని మనుమడు, ఫలానివాని మనుమడు అని చెప్పుకొనుచునే వారి దేశములో తరములు గడచినవి. అమ్మమ్మను వెదకుచున్న మనుమడనైన నాకు ఆ అక్షరము మీద ఎందుకో ప్రీతి కలిగెను.

తరువాతి సంగతులు ప్రీతికరమైనవి కావు. ఐర్లండులో 1845 మొదలు 1849 వరకు బంగాళదుంప పంటకు తెగులు పట్టి మహా కరువు కలిగెను. దాదాపు పది లక్షలమంది చనిపోయిరి. ఇంకొక పది లక్షలమంది ఓడలెక్కి దేశము విడిచిరి. 1841లో 81 లక్షలకు పైబడిన జనము 1851 నాటికి 65 లక్షలకు దిగెను. కరువు మిక్కిలిగా బాధించిన జిల్లాలలో మేయో ఒకటి. మన గుంటూరు సీమలో 1833 నాటి డొక్కల కరువును గూర్చి పెద్దలు చెప్పినవి విన్నవారికి ఇది వివరింప నక్కరలేదు. మా ముత్తాత ఆ కరువు దాటి బ్రతికినవారి కుమారుడు. తండ్రిగా ఆయన చేసినదానికి ఇది సాకు కాదు. కాని ఈ లెక్కలు చదివిన పిమ్మట ఆయనను నిందించుటకు నాకు నోరు రాలేదు. మెచ్చుకొనుటకును రాలేదు.

ఆయన 1860 ప్రాంతమున పుట్టియుండవలెను. ఆ దేశపు 1861, 1871 జనాభా పత్రములను లెక్క వ్రాసికొన్న తరువాత ప్రభుత్వమే నాశనము చేయించెను. 1881, 1891 పత్రములను మొదటి ప్రపంచయుద్ధ కాలములో కాగితపు గుజ్జు చేసిరి. అంతకు ముందరి పత్రములలో చాలభాగము 1922 జూను 30న డబ్లినులోని ఫోర్ కోర్ట్స్ భవనములో, వారి అంతర్యుద్ధపు పోరులో, దగ్ధమైపోయెను. ప్రభుత్వపు దస్తావేజుల ఖజానా అచ్చటనే ఉండెడిది. దానితో పాటు ఆంగ్లికను సంఘముల రిజిష్టరులనేకము పోయెను. రోమను సంఘముల రిజిష్టరులు ఏ ఊరివి ఆ ఊరి గుడిలోనే ఉండుటచేత మిగిలినవి. పెద్ద ఖజానాలో భద్రపరచినది కాలిపోయి, పల్లెటూరి గుడి బీరువాలో దుమ్ము పట్టినది మిగులుట విచిత్రము.

ఆ రిజిష్టరుల ఛాయాపటములను వారి జాతీయ గ్రంథాలయము 2015లో అందరికిని చూడనిచ్చెను. మనుమడు రాత్రులు కూర్చుండి మేయో జిల్లా పారిషులు వెదకి, 1859లో ఒక బాప్తిస్మము కనుగొనెను. ఆయన పేరే. ఆయనే యని నేను ఒట్టు వేయలేను. పేరు, జిల్లా, ఏడు సరిపోయినవి. ఆ వ్రాతను వాడు నాకు పంపగా భూతద్దము పెట్టి చూచితిని. బిడ్డ పేరు, తండ్రి పేరు, తల్లి పేరు. తల్లి పుట్టింటి ఇంటిపేరు కూడ. మగని పేరు క్రింద మరుగుపడక, దుంపలు తిని బ్రతికిన ఆ పేదరాలి పుట్టింటి పేరు తేటగా నిలిచియున్నది.

అప్పుడు రేకుపెట్టెలోని నకలు తీసి దానిప్రక్కన పెట్టితిని. దానిని అంతకు ముందు పదిసార్లు చూచితిని, దొర పేరు చూచుకొనుటకే చూచితిని. తండ్రి గడిలో పేరు, ఇంటిపేరు, గనిలో ఓవర్‌మన్ అని ఉద్యోగము. తల్లి గడిలో నేటివ్ అని ఒక్క మాట.

అమ్మమ్మ చేయెత్తి ఆపుట అప్పుడు నాకు జ్ఞాపకము వచ్చెను. మత్తయి తామారు పేరు వ్రాసెను, రాహాబు పేరు వ్రాసెను, రూతు పేరు వ్రాసెను. నాలుగవ ఆమె దగ్గరకు వచ్చి పేరు విడిచి, ఊరియా భార్య అని మాత్రము వ్రాసెను. బత్షెబ అను పేరు అతనికి తెలియదా? తెలియును. దావీదు పాపము మరుగుపడకుండుటకే అట్లు వ్రాసెనని వ్యాఖ్యానకర్తలు చెప్పుదురు. అది సరియే కావచ్చును. కాని ఆ నకలు అరువదియేండ్లు పెట్టెలో దాచుకొన్న మా అమ్మమ్మ, ఆ వచనమును ఏ వ్యాఖ్యానముతో వినెనో నాకిప్పుడు తెలిసినట్లున్నది.

తల్లిని ఎచ్చట వెదకవలెను? మా ప్రాంతపు దస్తావేజుల చరిత్ర వినుడి. ఇల్లెందు, పాల్వంచ నిజాము రాజ్యము. గోదావరికి ఎడమ ఒడ్డున భద్రాచలపు సీమను నిజాము 1860లో ఇంగ్లీషువారికి విడిచెను. అది మొదట మధ్య పరగణాలలో చేరి, 1874లో మదరాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మారి, 1959లో ఖమ్మము జిల్లాలో కలిసెను. 2014లో దానిలో కొంత ఆంధ్రప్రదేశ్‌కు పోగా, భద్రాచలము 2016నుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో ఉన్నది. నాగపూరున వెదకవలెనా, మదరాసునా, కాకినాడనా, హైదరాబాదునా? కోయలకు ఈ ఎల్లలు పట్టలేదు. 1965లో భద్రాచలమువద్ద వంతెన తెరచువరకు పడవలమీద, వేసవిలో రేవుల వెంబడి, ఈ ఒడ్డునుండి ఆ ఒడ్డుకు పెండ్లికి, పండుగకు, కూలికి దాటుచునే యుండిరి. ఏ కచ్చేరీయు వారిని వ్రాసికొనలేదు. నేను వెదకుట మానుకొంటిని.

ఆ మరుసటి సంవత్సరము కోతపండుగ దినములలో, మా అయ్యగారు దుమ్ముగూడెము ఎగువన ఒక కోయ పల్లెకు పోవుచు నన్ను తోడు పిలిచెను. దుమ్ముగూడెము మన సంఘ చరిత్రలో చిన్న ఊరు కాదు. కాటను దొర గోదావరి మీదుగా మధ్య పరగణాల పత్తిని పడవలలో దింపవలెనని తలంచి ఎగువ గోదావరి పనులు మొదలుపెట్టించెను. దుమ్ముగూడెము ఆనకట్ట, కాలువ ఆ పనులే. 1871లో ప్రభుత్వము ఖర్చుకు వెరచి వాటిని నిలిపివేసెను. పనులమీద నున్న ఇంజనీరు హేగు దొర కోయల మధ్య సువార్త పనికి 1860లో పునాది వేయించెను; తరువాత జాన్ కెయిను అయ్యగారు కోయల మధ్య బహుకాలముండి, వారి భాషను, ఆచారములను గూర్చి పత్రికలలో వ్రాసెను. పడవల మార్గము ఆగినది, పని ఆగలేదు. ఆ పాత లాకుల రాళ్లు చూచుచు దాటిపోతిమి.

పల్లెలో ఒక ముసలామె తాటాకు పందిరి క్రింద మమ్మును కూర్చుండబెట్టి, మనుమరాలిని కేకవేసి ఏదో చెప్పెను. అందులో ఒక్క మాట నా చెవిని తగిలెను: ఏరు. పిల్ల లోనికి పరుగెత్తి సొరకాయ బుర్రతో నీళ్లు తెచ్చి నా చేతికిచ్చెను.

"ఏరు అంటే ఏమిటండీ?" అని అయ్యగారిని అడిగితిని.

"కోయలో నీళ్లండి. మనం పారేదాన్ని ఏరంటాం, వాళ్లు తాగేదాన్ని ఏరంటారు. మాట ఒకటే."

బుర్ర నా చేతిలోనే యుండెను. త్రాగలేకపోతిని.

రెండు దినములు ఆమె నీళ్లడిగెను. మేము నది తగ్గినదని చెప్పితిమి. పరలోకపు మాట పలుకుచున్నదని మురిసితిమి. ఆ రెండు దినములలో ఎవరైన ఆమె నోట నీళ్లు పోసితిమో లేదో, ఎంత జ్ఞాపకము చేసికొన్నను నాకు తోచుటలేదు. పోసియే యుందుమని మా చెల్లెలు అనును. పోసియే యుందుము. డెబ్బదిమూడేండ్లుగా ఆమె నోట ఆ భాష ఎవరును వినలేదు; ఉపదేశి భార్యగా తెలుగు మాటలాడెను, తెలుగున ప్రార్థించెను. చివరకు తల్లి నేర్పిన మాట తిరిగివచ్చినప్పుడు, దానిని గ్రహించువాడు మంచము చుట్టు ఒకడును లేకపోయెను. సిలువ దగ్గర నిలిచినవారికిని ఇట్లే జరిగెను గదా! ప్రభువు తన తల్లి భాషలో తండ్రికి మొరపెట్టగా, కొందరు విని ఏలీయాను పిలుచుచున్నాడని భ్రమసిరి. వారిలో ఒకడైనను పరుగెత్తి స్పంజీ తడిపి తెచ్చెను. ఆ శుక్రవారపు వాక్యమును నేను ఎన్నిమారులో చదివితిని, బోధించితిని కూడ.

నేను త్రాగక కూర్చుండుట చూచి ముసలామె నీళ్లు నచ్చలేదనుకొన్నది కాబోలు. అయ్యగారు ఆమెకు సంగతి చెప్పెను. ఆమె నా ముఖమువంక చాలసేపు చూచి, తెలుగులోనే అడిగెను: "మీ అమ్మమ్మ తల్లిది ఏ గట్టు?"

తెలియని చదువరులకు చెప్పెదను. కోయలలో మూడవ గట్టు, నాలుగవ గట్టు, అయిదవ గట్టు అని యిట్లు శాఖలు కలవు. ఒక గట్టువారు తమలో తాము పెండ్లాడరు. డోలీలను గాయకులు పండుగలకు వచ్చి, పడిగెలను బొమ్మల గుడ్డలను విప్పి, ఆ గట్టు పెద్దల పుట్టుపూర్వోత్తరములను పాడుదురు. డబ్లినులో కాగితములు కాలిపోయినవి; ఇచ్చట గుడ్డమీది బొమ్మలు, నోటిమాట ఇంకను నిలిచియున్నవి. కాని గట్టు తెలియనివానికి డోలీవాడు ఏ పడిగె విప్పగలడు? ఎజ్రా గ్రంథము రెండవ అధ్యాయములో, చెరనుండి తిరిగివచ్చి, తమ వంశము చిట్టాలలో కనబడనందున యాజకత్వము పోగొట్టుకొన్నవారిని గూర్చి వ్రాయబడియున్నది. వారు ఏ ముఖముతో ఇంటికి పోయిరో నాకు కొంత తెలిసెను. "తెలియదమ్మా" అంటిని. ఆమె కోపపడలేదు. "తెలవకపోతే తెలవదు. నీళ్లు తాగు" అన్నది. త్రాగితిని.

నేను పట్టుకొన్న సాక్ష్యము ఏ కచ్చేరీలోను చెల్లదు. మరణపు మంచము మీద ఒక మాట, కంచెదగ్గర తునికిపండ్లు, గడిలో నేటివ్ అను ముద్ర. అంతే. నాకు చాలును. ఆ స్త్రీ మూడు నాలుగు ఎండకాలములు ఎంత దూరము నడిచి వచ్చెనో, ఏ మాటయు పలుకక ఎందుకు నిలుచుండెనో, ఎవరు పలుకనియ్యలేదో, ఆ పిల్లకు ఆమె ఎవరో తెలిసియే "పిల్లలకి" అని చెప్పెనో, ఇవన్నియు దేవునికి తెలియును.

సమాధి సంగతి చెప్పి ముగించెదను. పాల్వంచలో అమ్మమ్మ సమాధి మీది సిమెంటు పెచ్చులూడగా, క్రొత్త రాయి వేయుటకు అందరము చందాలు వేసికొంటిమి. పాత రాతిమీద అమ్మమ్మ పేరు క్రింద ఫలాని దొర కుమార్తె అని ఉండెను. దానిప్రక్కన కోయ తల్లి బిడ్డ అని కూడ చెక్కించవలెనంటిని. మా అన్నకు కోపము వచ్చెను. "ఇన్నాళ్లూ లేని తల్లి ఇప్పుడెక్కడినుంచి వచ్చింది? పిల్లల పెళ్లిళ్లు కావాలి. ఉన్నదే చెక్కించు" అన్నాడు. వానిని పూర్తిగా తప్పు పట్టలేను. ఆ వెండి పళ్లెమును చిన్ననాటనుండి తుడిచి తుడిచి మెరిపించినవాడు. రెండు నెలలు మాటలులేవు. తరువాత ఒకనాడు సాయంకాలము తానే ఫోను చేసి, "ఒరేయ్, నేను పేజీ తిప్పేశానే, గుర్తుందా? ఊరియా భార్య దగ్గర ఆపేది" అన్నాడు. ఉన్నదంటిని. చాలసేపు ఊరకుండి, "నీ ఇష్టం వచ్చినట్టు చెక్కించుకో. నా వాటా నేనిస్తా" అని ఫోను పెట్టివేసెను. రాయి వేసిన దినమున వచ్చునో రాడో తెలియదు.

రాయి చెక్కువాడు మా పాత శిష్యుడే. వ్రాసిన కాగితము చదివి, "తల్లి పేరు రాయలేదండీ సార్" అన్నాడు. పేరు దొరకలేదని, దొరికిననాడు చెక్కవలెనని, అందుకు ఆ పంక్తిలో చోటు విడువుమని చెప్పితిని. వాడు సుద్దముక్క చేతపట్టుకొని రాతిమీద వంగి, "ఎంత పేరుంటుంది సార్?" అని అడిగెను.

నేను జానెడు చూపితిని.